బైజువో: చైనా ఇంటర్నెట్‌లో పాశ్చాత్య ఉదారవాది ఎందుకు తిట్టుగా మారాడు?

కమ్యూనిస్టు పార్టీ 1949 నుంచి అధికారంలో ఉన్న దేశంలో ఒకరిని ‘వామపక్షీయుడు’ అనడం తిట్టు ఎలా అవుతుందన్నది చైనా సోషల్ మీడియాను కొత్తగా గమనించేవారికి కలిగే మొదటి సందేహం. అక్కడ పదేళ్లకు పైగా వాడుకలో ఉన్న ‘బైజువో’ అనే మాటకు ‘తెల్ల వామపక్షం’ అని అర్థం. శరణార్థులు, మైనారిటీలు, స్వలింగ సంపర్కుల హక్కులు, పర్యావరణం వంటి విషయాల మీద ఎంతో ఉద్వేగంతో మాట్లాడుతూ, ఆ మాటల ఫలితం తమ ఇంటి గడప దాకా రానంత భద్రమైన జీవితం గడిపే అమెరికన్ లేదా ఐరోపా విద్యావంతుడిని ఈ మాట సూచిస్తుంది. అతడు మంచివాడు కాడని ఆరోపణ కాదు. తన మంచితనాన్ని తానే చూసి మురిసిపోతాడని, దాని ఖర్చు మాత్రం ఇతరులు భరిస్తారని ఆరోపణ.

అమెరికాలో టకర్ కార్ల్‌సన్ వంటి మితవాద (రైట్‌వింగ్) వ్యాఖ్యాతలు ఈ మాటను టీవీలో ప్రస్తావించి, ‘మన ఉదారవాదులను చూసి చైనా వాళ్లే నవ్వుతున్నారు’ అనే అర్థంలో వాడుకున్నారు. అప్పటినుంచి ఇది చైనా ప్రజలందరి అభిప్రాయంగా ప్రచారంలోకి వచ్చింది. నిజానికి ఈ తిట్టును వాడేవారంతా ఒక జట్టు కారు, వారి కోపాలకు మూలం కూడా ఒకటి కాదు. పరస్పరం పొసగని మూడు నాలుగు వర్గాలు తమ తమ దేశీయ తగాదాలను ఈ ఒక్క మాటలో పెట్టి మాట్లాడుకుంటున్నాయి. అందుకే దీన్ని పాశ్చాత్య ఉదారవాదుల గురించిన తీర్పుగా కంటే చైనా లోపలి చర్చగా చదివితే ఎక్కువ అర్థమవుతుంది.

## చైనాలో ఎడమ ఎటు, కుడి ఎటు

తెలుగు పాఠకుడికి ‘వామపక్షం’ అనగానే ఎర్రజెండా, వ్యవసాయ కార్మిక సంఘం, 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం గుర్తుకు వస్తాయి. అమెరికన్ వాడుకలో అదే మాట డెమొక్రాటిక్ పార్టీ నుంచి విశ్వవిద్యాలయ విద్యార్థి ఉద్యమాల దాకా అన్నిటికీ వర్తిస్తుంది. చైనాలో లెక్క వేరు. అక్కడ ‘ఎడమ’ అంటే మావో వారసత్వాన్ని, ప్రభుత్వ రంగాన్ని, పార్టీ ఆధిపత్యాన్ని సమర్థించే వైపు. ‘కుడి’ అంటే మార్కెట్‌ను, న్యాయపాలనను, ఎన్నికలను, వాక్ స్వాతంత్ర్యాన్ని కోరే వైపు. 1957లో మావో నడిపిన ‘మితవాద వ్యతిరేక ఉద్యమం’లో అయిదు లక్షల మందికి పైగా మితవాదులుగా ముద్ర వేయించుకున్నారు. వారిలో చాలామంది పార్టీ పనితీరును విమర్శించిన ఉపాధ్యాయులు, రచయితలు, విద్యార్థులు. మన భాషలో చెప్పుకుంటే వారిలో అనేకులు ప్రజాస్వామ్యవాదులు.

జెన్నిఫర్ పాన్, యీచింగ్ షూ అనే రాజనీతి శాస్త్రవేత్తలు చైనాలో ఇంటర్నెట్ ద్వారా జరిగిన ఒక పెద్ద సర్వే సమాధానాలను విశ్లేషించి 2018లో ప్రచురించిన పరిశోధన ఈ అమరికను స్పష్టంగా చూపింది. రాజకీయ స్వేచ్ఛలు కోరేవారే అక్కడ స్వేచ్ఛా మార్కెట్‌ను కూడా కోరుతున్నారు, లైంగికత వంటి సామాజిక విషయాల్లో కూడా ఉదారంగా ఉంటున్నారు. బలమైన ప్రభుత్వాన్ని ఇష్టపడేవారు ప్రభుత్వ రంగాన్ని, సంప్రదాయ విలువలను, జాతీయవాదాన్ని కలిపి సమర్థిస్తున్నారు. అంటే సంక్షేమ రాజ్యాన్ని, ప్రజాస్వామ్యాన్ని, మైనారిటీ హక్కులను ఒకే ఊపిరిలో కోరే పాశ్చాత్య ఉదారవాదికి చైనా రాజకీయ పటంలో ముందే సిద్ధంగా ఉన్న చోటు లేదు. ‘ఎడమ’ అన్న మాటకు ముందు ‘తెల్ల’ అన్న విశేషణం అవసరమైంది ఇందుకే. అది తమకు తెలిసిన ఎడమ కాదు.

## 2010లో పుట్టి 2015లో పెరిగిన మాట

ఈ మాట 2010లో, అప్పట్లో కళాశాల విద్యార్థులు ఎక్కువగా వాడిన ‘రెన్‌రెన్’ అనే సోషల్ నెట్‌వర్క్‌లో వచ్చిన ఒక వ్యాసంతో మొదలైందని సాధారణంగా చెబుతారు. పాశ్చాత్య వామపక్షుల నైతికత బూటకమన్నది ఆ వ్యాసం వాదన. అక్కడినుంచి ప్రశ్నలు, జవాబుల వేదిక అయిన ‘జీహూ’కు, తరువాత ట్విటర్‌ను పోలిన ‘వైబో’కు పాకింది. కానీ ఇది ఇంటింటి మాట అయింది 2015 శరణార్థి సంక్షోభంతోనే. ఆ ఏడాది జర్మనీకి సుమారు 8.9 లక్షల మంది ఆశ్రయం కోరుతూ వచ్చారు. ‘మనం దీన్ని చేయగలం’ అన్న ఛాన్సలర్ అంగేలా మెర్కెల్‌ను చైనా నెటిజన్లు ‘షెంగ్‌ము’ అన్నారు. పవిత్ర మాత అని దాని అర్థం, వెటకారం దాని ఉద్దేశం. ఆ ఏడాది చివరి రాత్రి కొలోన్ నగరంలో మహిళలపై జరిగిన సామూహిక వేధింపుల వార్తలు చైనాకు చేరగానే, తాము ముందే చెప్పామన్న ధోరణి వ్యాఖ్యల్లో నిండిపోయింది.

ఇంతకీ చైనాలో ఉన్న విదేశీయులు ఎందరు? 2020 జనాభా లెక్కల్లో ప్రధాన భూభాగంలో నివసిస్తున్న విదేశీయులు దాదాపు 8.46 లక్షలు. 140 కోట్ల జనాభాలో ఇది 0.06 శాతం. వలసల అనుభవం దాదాపు లేని సమాజంలో వలసల మీద ఇంత వేడి ఎందుకన్నది ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రశ్న. ఆ వేడికి కారణాలు జర్మనీలో కంటే చైనాలోనే ఎక్కువగా ఉన్నాయి.

## ఒకే తిట్టు, వేర్వేరు నోళ్లు

మొదటి వర్గం జాతీయవాదులు. వీరికి బైజువో పాశ్చాత్య పతనానికి గుర్తు. తన దేశాన్ని తానే బలహీనపరుచుకుంటూ, ఎదుగుతున్న చైనాకు పాఠాలు చెప్పేవాడు. ఈ కోపం ఊరికే పుట్టలేదు. 2008 మార్చిలో టిబెట్ అల్లర్లు, ఏప్రిల్‌లో ఒలింపిక్ జ్యోతి యాత్ర ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పారిస్‌లో వీల్‌చైర్‌లో కూర్చుని జ్యోతిని పట్టుకున్న క్రీడాకారిణి జిన్ జింగ్ చేతిలోంచి దాన్ని లాక్కోవడానికి ఒక నిరసనకారుడు ప్రయత్నించిన దృశ్యం చైనా యువతరం మీద లోతైన ముద్ర వేసింది. ఆ సమయంలోనే పాశ్చాత్య వార్తా సంస్థల తప్పిదాలను ఎత్తిచూపడానికి ‘యాంటీ సీఎన్ఎన్’ అనే వెబ్‌సైట్ పుట్టింది. 2014 మార్చి 1న కున్‌మింగ్ రైల్వే స్టేషన్‌లో దుండగులు కత్తులతో దాడి చేసి 31 మందిని చంపినప్పుడు, కొన్ని పాశ్చాత్య సంస్థలు ఉగ్రవాదం అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం మరో గాయమైంది. మీ దేశంలో జరిగితే ఉగ్రవాదం, మా దేశంలో జరిగితే సందేహమా అన్న ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్న అడిగిన వారిలో చాలామంది 2017 తరువాత షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింలను పెద్ద ఎత్తున నిర్బంధించడం గురించి బయట వచ్చిన ఆధారాలను మాత్రం అదే శ్రద్ధతో చూడలేదన్నది కూడా నిజమే.

రెండవ వర్గం గురించి బయట చాలా తక్కువ తెలుసు, కానీ ఈ విషయంలో అసలు చిక్కుముడి అక్కడే ఉంది. వీరు చైనా ప్రభుత్వాన్ని విమర్శించే ఉదారవాదులు, ప్రవాస అసమ్మతివాదులు. ప్రజాస్వామ్యం కోసం కష్టాలు పడినవారు కూడా వీరిలో ఉన్నారు. అయినా వీరిలో గణనీయమైన భాగం అమెరికన్ ఉదారవాదులను అసహ్యించుకుని డొనాల్డ్ ట్రంప్‌ను సమర్థించింది. ఈ మలుపును వివరించడానికి యావో లిన్ అనే రాజనీతి పండితుడు ‘దీపస్తంభవాదం’ అనే భావనను ప్రతిపాదించాడు. నిరంకుశ పాలన గాయాలతో పెరిగినవారు అమెరికాను చీకట్లో దీపస్తంభంలా ఊహించుకుంటారు. ఆ దీపస్తంభంలో జాతి వివక్ష ఉందని, పోలీసు హింస ఉందని అక్కడివారే చెప్పడం వీరికి మొదట రాజకీయంగా మింగుడుపడదు. దానికి తోడు పాశ్చాత్య నాగరికత అంటే తెల్లవారి క్రైస్తవ నాగరికతేనని, వలసలతో అది పలచబడిపోతుందని భయపడే మరో పొర ఉంది. యావో లిన్ ఈ రెండింటినీ రాజకీయ దీపస్తంభవాదం, నాగరికతా దీపస్తంభవాదం అని విడదీస్తాడు.

2020లో అమెరికాలో విగ్రహాలు కూల్చినప్పుడు, విశ్వవిద్యాలయాల్లో ఉపన్యాసకులను నిలదీసినప్పుడు వీరికి 1966–76 సాంస్కృతిక విప్లవం కళ్లముందు మెదిలింది. గురువులను పిల్లలే కొట్టి చంపిన కాలాన్ని చూసినవారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం తగదు. కానీ పోలిక నిలవదు. మావో పిలుపుతో వీధుల్లోకి వచ్చిన విద్యార్థి దళాలైన రెడ్ గార్డుల వెనుక పార్టీ అధినేతే ఉన్నాడు, వారిని ఆపవలసిన పోలీసులకు జోక్యం చేసుకోవద్దన్న ఆదేశాలు వెళ్లాయి, మృతుల సంఖ్య లక్షల్లో ఉంది. అమెరికన్ విద్యార్థి ఉద్యమం ఎంత అసహనంగా ప్రవర్తించినా, ఆ సమయంలో దాని వెనుక అధ్యక్షుడు లేడు. ఎదురుగా ఉన్నాడు.

మూడవ వర్గం చిన్నది. నిజంగా మార్క్స్‌ను చదివే యువ వామపక్షులు. 2018లో షెన్‌జెన్‌లో ‘జాసిక్’ ఫ్యాక్టరీ కార్మికులు యూనియన్ పెట్టుకోవడానికి ప్రయత్నించినప్పుడు వారికి అండగా వెళ్లి నిర్బంధానికి గురైన విశ్వవిద్యాలయ విద్యార్థులు ఈ ధోరణికి చెందినవారే. ఇటువంటి యువతలో కొందరు బైజువో అన్నప్పుడు, గుర్తింపు రాజకీయాల హడావుడిలో కార్మికుడిని, వర్గాన్ని మరిచిపోయారన్నది వారి ఫిర్యాదు. తెలుగునాట వామపక్ష సభల్లో వినిపించే ఒక పాత వాదనకు ఇది దగ్గరగా ఉంటుంది.

## 950 డాలర్ల కథ: ఒక నిజం వదంతిగా మారే తీరు

ఈ బొమ్మ ఎలా తయారవుతుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. 2014లో కాలిఫోర్నియా ఓటర్లు 47వ ప్రతిపాదనను ఆమోదించారు. దాని ప్రకారం 950 డాలర్ల లోపు విలువైన వస్తువుల దొంగతనాన్ని చాలా సందర్భాల్లో తీవ్ర నేరంగా కాక చిన్న నేరంగా పరిగణిస్తారు. జైళ్లలో కిక్కిరిసిన ఖైదీల సంఖ్యను తగ్గించడం దీని ఉద్దేశం. చైనా ఇంటర్నెట్‌లో ఇది ‘950 డాలర్ల లోపు దొంగతనం అమెరికాలో చట్టబద్ధం’గా మారింది. దుకాణాల్లోంచి వస్తువులు ఎత్తుకుపోయే వీడియోల కింద ‘సున్నా యువాన్ కొనుగోలు’ అనే శీర్షిక స్థిరపడింది. బైజువోల దయాగుణానికి ఇదే పరాకాష్ఠ అని లెక్కలేనన్ని వ్యాఖ్యలు వచ్చాయి.

వాస్తవాలను పక్కపక్కన పెడితే కథ మారుతుంది. చిన్న నేరానికి కూడా కాలిఫోర్నియాలో ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది. రిపబ్లికన్ల పాలనలో ఉన్న టెక్సస్‌లో దొంగతనం తీవ్ర నేరం కావాలంటే విలువ 2,500 డాలర్లు ఉండాలి. అంటే ఈ గీత విషయంలో ‘కఠినమైన’ టెక్సస్ కంటే ‘మెతక’ కాలిఫోర్నియానే కఠినం. మరి కథలో నిజమేమీ లేదా అంటే, ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణదారులు పడిన ఇబ్బంది నిజం, చిన్న దొంగతనాల మీద పోలీసులు శ్రద్ధ పెట్టడం లేదన్న అసంతృప్తి నిజం. ఆ అసంతృప్తితోనే 2022 జూన్‌లో ఆ నగర ఓటర్లు తమ జిల్లా అటార్నీ (ప్రధాన ప్రాసిక్యూటర్) చెసా బూడిన్‌ను పదవి నుంచి తొలగించారు. 2024 నవంబరులో రాష్ట్ర ఓటర్లు 36వ ప్రతిపాదనతో శిక్షలను మళ్లీ పెంచారు. తమ ప్రయోగం బెడిసికొట్టిందనుకున్నప్పుడు ఓటుతో సరిదిద్దుకునే ఉదారవాది ఈ బొమ్మలో ఎక్కడా కనిపించడు. ఆ సగం కథకు చైనాలో మొదటి సగానికి దొరికినంత ప్రచారం దొరకలేదు.

## శరణార్థులపై రెండు ప్రశ్నలు, రెండు జవాబులు

2016 మేలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 27 దేశాల్లో సర్వే చేసి శరణార్థులను ఆహ్వానించే మనసు ఏ దేశ ప్రజలకు ఎంత ఉందో సూచీగా ప్రకటించింది. 85 మార్కులతో చైనాది మొదటి స్థానం. 84తో జర్మనీ, 83తో బ్రిటన్ తరువాత నిలిచాయి. చైనాలో 46 శాతం మంది శరణార్థిని తమ ఇంట్లోనే ఉంచుకుంటామన్నారు. ఈ ఫలితం చైనా నెటిజన్లకే నమ్మశక్యం కాలేదు. పార్టీ ఆధ్వర్యంలోని పత్రిక ‘గ్లోబల్ టైమ్స్’ తన పాఠకుల మధ్య ఆన్‌లైన్ పోల్ పెడితే అత్యధికులు అందుకు ఒప్పుకోబోమన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకు సద్భావనా రాయబారిగా ఉన్న నటి యావో చెన్ శరణార్థుల పట్ల సానుభూతి కోరితే వైబోలో ఆమె మీద విమర్శల వాన కురిసింది.

రెండింటిలో ఏది అసలు చైనా? ఎవరో అడిగితే మర్యాదగా ‘సరే’ అనే ధోరణి మొదటి సంఖ్యను పెంచి ఉండవచ్చు. కోపం ఉన్నవారే పనిగట్టుకుని వచ్చి ఓటు వేసే స్వభావం రెండవదాన్ని పెంచి ఉండవచ్చు. ఇంటర్నెట్‌లో గట్టిగా మాట్లాడేవారు దేశానికి నమూనా కారన్నది మాత్రం ఖాయం. శరణార్థి ఒప్పందంలో చైనా 1982లోనే చేరింది. అంతకుముందు వియత్నాం నుంచి వచ్చిన రెండున్నర లక్షల మందికి పైగా శరణార్థులకు చోటు ఇచ్చింది కూడా. వారిలో అత్యధికులు చైనా సంతతివారే కావడం ఈ చర్చలో గుర్తుంచుకోవలసిన అంశం. వైబోలో తరచూ కనిపించే మరో వాదనకు బలం ఉంది: ఇరాక్, లిబియాల మీద బాంబులు వేసింది పాశ్చాత్య దేశాలు, కాబట్టి ఫలితాన్ని భరించవలసింది కూడా అవే. ఇక్కడ కోపం శరణార్థి మీద కాదు, యుద్ధాన్ని మానవ హక్కుల పేరుతో సమర్థించి తరువాత కరుణ గురించి మాట్లాడేవారి మీద.

## దేశంలో అనలేని మాటకు పరాయి దేశపు చిరునామా

చైనాలో గావోకావో అనే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష కోటి మందికి పైగా విద్యార్థుల భవిష్యత్తును నిర్ణయిస్తుంది. అందులో మైనారిటీ జాతుల విద్యార్థులకు చాలాకాలం అదనపు మార్కులు ఉండేవి. ఒకే బిడ్డ విధానం అమలైన కాలంలో చాలా మైనారిటీ జాతులకు సడలింపులు ఉండేవి. వీటి మీద మెజారిటీ హాన్ జాతిలో అసంతృప్తి ఉంది. కానీ జాతుల ఐక్యత సున్నితమైన విషయం కాబట్టి దాన్ని నేరుగా రాస్తే పోస్టు తొలగిపోవచ్చు. అదే కోపాన్ని స్వీడన్ ముస్లింల మీదో, విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో అమెరికన్ నల్లజాతివారికి ఇచ్చిన ప్రాధాన్యం మీదో రాస్తే అడ్డుండదు. జీహూ చర్చలను అధ్యయనం చేసిన పరిశోధకురాలు చెన్‌చెన్ జాంగ్ ఈ మాటల్లో పాశ్చాత్య మితవాద ప్రజాకర్షక రాజకీయాల పరిభాష, చైనా జాతీయవాదం కలిసిపోయాయని చూపింది. యూదు, ముస్లిం, నల్లజాతి ప్రజల గురించి అమెరికన్ మితవాద సైట్లలో పుట్టిన కథనాలు అనువాదమై చైనా ఇంటర్నెట్ సెన్సార్ గోడ లోపలికి చేరడం నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే అంశం. ఆ కథనాలను అక్కడే ఖండించగల గొంతులు ఆ గోడ లోపల తక్కువ.

ఆ గొంతులు ఎందుకు తగ్గాయన్నది కూడా చెప్పుకోవాలి. 2004లో ఒక చైనా పత్రిక ‘చైనాను ప్రభావితం చేస్తున్న 50 మంది ప్రజా మేధావులు’ అని జాబితా వేసినప్పుడు ‘గోంగ్‌జి’, అంటే ప్రజా మేధావి, గౌరవ వాచకం. 2013లో పార్టీ అంతర్గత పత్రమొకటి సార్వత్రిక విలువలను, పౌర సమాజ భావనను ప్రమాదాలుగా పేర్కొంది. అదే ఏడాది సెప్టెంబరులో, అపవాదుగా పరిగణించే పోస్టును 500 మంది షేర్ చేసినా, 5,000 మంది చూసినా జైలు శిక్షకు ఆస్కారమిచ్చే న్యాయ వివరణ వెలువడింది. లక్షలాది అనుచరులున్న ఉదారవాద ఖాతాలు మౌనం వహించాయి, లేదా మూతపడ్డాయి. గోంగ్‌జి కూడా తిట్టుగా మారింది. బైజువో అన్న మాటను ప్రభుత్వం పుట్టించలేదు, పుట్టించవలసిన అవసరం రాలేదు. ఎవరు మాట్లాడకూడదో నిర్ణయించగానే మైదానంలో మిగిలినవారి మాట పెద్దగా వినబడింది.

## కాలిఫోర్నియాలో ఇదే మాట ఓటుగా మారిన తీరు

ప్రవాస చైనీయులు మాతృభాషలో వార్తలు చదివేది ఎక్కువగా వీచాట్ అనే సందేశాల యాప్‌లో. 2014లో కాలిఫోర్నియా శాసనసభ, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో జాతిని మళ్లీ పరిగణించడానికి వీలు కల్పించే ‘ఎస్‌సీఏ–5’ అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణను తలపెట్టినప్పుడు, వీచాట్ గ్రూపుల ద్వారా సమీకృతమైన చైనా సంతతి తల్లిదండ్రులు దాన్ని ఆపించగలిగారు. 2020లో ఇదే లక్ష్యంతో వచ్చిన 16వ ప్రతిపాదనను ఓటర్లలో 57 శాతం తిరస్కరించారు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో జాతి ఆధారిత ప్రవేశాలను కొట్టివేసింది. పిల్లల చదువే సర్వస్వమనుకునే భారతీయ కుటుంబాల్లో, వారిలో భాగంగా అక్కడి తెలుగు కుటుంబాల్లో కూడా ఈ తీర్పు మీద రెండు వైపులా వాదనలు నడిచాయి. ఇక్కడ బైజువో ఎక్కడో ఉన్న ఊహాచిత్రం కాదు, తమ బిడ్డ సీటు గురించి నిర్ణయం తీసుకునే అధికారి. అయినా 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఆసియా అమెరికన్లలో మెజారిటీ ఓటు వేసింది డెమొక్రాట్లకే.

## బొమ్మలో ఇమడని నెటిజన్లు

బైజువోను తిట్టే వేదికల మీదే పాశ్చాత్య ఉదారవాది సంతోషించే సన్నివేశాలు కూడా జరిగాయి. 2018 ఏప్రిల్‌లో వైబో సంస్థ స్వలింగ ప్రేమకు సంబంధించిన పోస్టులను తొలగిస్తామని ప్రకటించింది. ‘నేను స్వలింగ ప్రేమికుడిని’ అనే హ్యాష్‌ట్యాగ్‌తో వేలాదిమంది నిరసన తెలపడంతో మూడు రోజుల్లో నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది విశ్వవిద్యాలయాల్లో, మీడియాలో లైంగిక వేధింపుల మీద మహిళలు బయటికి వచ్చి మాట్లాడారు. వారికి ఎదురైన ఆరోపణల్లో ఒకటి ‘విదేశీ శక్తుల’ చేతిలో బొమ్మలన్నది. సొంత అనుభవం నుంచి మాట్లాడిన చైనా స్త్రీని కూడా పాశ్చాత్య ఉదారవాదానికి నకలుగా చూపడం ఈ పరిభాష చేసిన నష్టాల్లో పెద్దది.

2025 జనవరిలో టిక్‌టాక్ నిషేధం ముంచుకొస్తుండగా లక్షలాది అమెరికన్లు ‘షియావోహోంగ్‌షూ’ అనే చైనా యాప్‌లో చేరారు. రెండు దేశాల సామాన్య యూజర్లు పెద్ద సంఖ్యలో, మధ్యవర్తులు లేకుండా మాట్లాడుకున్న అరుదైన సందర్భమది. చైనా యూజర్లు దానికి ‘లెక్కలు సరిచూసుకోవడం’ అని పేరు పెట్టారు. అంబులెన్స్‌కు నిజంగా అంత బిల్లు వేస్తారా, అద్దె ఎంత, ఒక మనిషి రెండు ఉద్యోగాలు ఎందుకు చేస్తాడు అని అడిగారు. తమ పని గంటల గురించి, ఇంటి ధరల గురించి చెప్పారు. రాజకీయాల జోలికి వెళ్లవద్దని కొత్తగా వచ్చినవారిని హెచ్చరించింది కూడా చైనా యూజర్లే. ఆ సంభాషణల్లో ఎక్కువ చోటు దక్కింది శరణార్థులకో, ప్రవేశాల వివాదాలకో కాదు. ఆసుపత్రి ఖర్చులకు, జీతాలకు, పిల్లల హోంవర్క్‌కు.